కత్తిరించని రోల్

జూన్ 11

ఎరువుల షాపు వాళ్ళు జనవరిల పంచిన డైరీ ఇది. ఇన్నాళ్ళు దీని మీద టీ గ్లాసు పెట్టుకున్న. మొదటి పేజీల 'హోదా' అని ఉంటే 'తాత్కాలిక ముఖ్యమంత్రి' అని రాసిపెట్టిన. జనవరి నాటి తెలివి అది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్ననంటే, ఇంట్ల నేను ఏది మాట్లాడినా ఎకసెక్కమే అనుకుంటున్నరు. నిన్న హైదరాబాద్ నుంచి బస్సుల వస్తుంటే "పాపకు ఏం కాదు" అన్న. రిబ్కా నా దిక్కు తిరిగి, "ఇప్పుడు గూడ నీకు పరాచికాలేనా" అన్నది. నేను నిజంగనే అన్న. ఇన్నేండ్ల కాపురంల నా నిజం మొహం ఎట్లుంటదో నా పెండ్లానికి తెల్వకపాయె. ఆమె తప్పేం లేదు, నేనెప్పుడు చూపించిన గనక.

ఆరాధన నాకు మనవరాలు, మా చెల్లె శ్యామలకు గూడ మనవరాలు. నా బిడ్డ అక్సాను శ్యామల కొడుకు జయరాజ్‌కే ఇచ్చినం, ఇద్దరూ మా ఇంట్లనే ఉంటరు. రెండు దిక్కుల ముద్దుకు ఒక్కటే పిల్ల. ఏడో నెల నడుస్తుంది. నేను ఎమ్మెల్యే అని పిలుస్త. పండుకుని ఉంటది, చుట్టూ అందరం నిలబడతం, ఏది అడిగినా నవ్వుతది, పని మాత్రం కాదు.

గుండె కండ మందమైందని ఖమ్మంల చెప్పిన్రు. ఎందుకైందో హైదరాబాదుల చెప్తరన్నరు. చెప్పిన్రు.

రేపు రాస్త.

జూన్ 12

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అక్సా కంటే నాలుగేండ్లు పెద్దది ఉంటదేమో. తెల్లకాగితం తీసి ఒక పొడుగు గీత గీసింది. అక్సా, జయరాజ్ కుర్చీలల్ల, రిబ్కా పాపను ఎత్తుకుని, నేను గోడకు.

"అంకుల్, ఒంట్లో ప్రతి కణంలో చిన్న చిన్న కరెంటు కేంద్రాలుంటాయి. మైటోకాండ్రియా అంటాం. వాటికి సొంతంగా చిన్న డీఎన్ఏ ఉంటుంది. దాన్ని చూసి ఆర్ఎన్ఏ అనే కాపీ తీస్తాయి. ఏ ముక్కకి ఆ ముక్క విడిగా రాదు, మొత్తం ఒకే పొడవుగా, అతుక్కుని వస్తుంది."

గీత మీద అక్కడక్కడ చిన్న ముడులు ఏసింది.

"మధ్యలో ఇలా ముడుల్లాంటివి ఉంటాయి. ముడికి ముందు ఒక కోత, వెనక ఒక కోత. ఒక్కో కోతకి ఒక్కో కత్తెర. అప్పుడే ముక్కలు విడిపోయి పనిలోకి వెళ్తాయి. పాపకి వెనక కోత కోసే కత్తెర సరిగ్గా పనిచేయడం లేదు. ముక్కలు చాలావరకు అతుక్కునే ఉండిపోతున్నాయి. కరెంటు చాలడం లేదు. గుండెకి కరెంటు ఎక్కువ కావాలి కదా, అందుకని ముందు గుండె దెబ్బతింటుంది."

నాకు ఒక్క నిమిషం పిచ్చి సంతోషమైంది. రాయడానికి సిగ్గయితుంది గానీ అయింది. ఎందుకంటే అర్థమైంది. పదో తరగతి లెక్కల మూడుసార్లు తప్పినోన్ని, జీవితంల ఏ డాక్టర్ మాటా నాకు అర్థం కాలే, ఇది అర్థమైంది.

"మేడమ్, ఇది నా పనే," అన్న. "మాది ఫ్లెక్స్ ప్రింటింగు. పది మంది బర్త్‌డేలు, రెండు పెండ్లిళ్ళు, ఒక చర్చి కన్వెన్షన్ మీటింగు, అన్నీ ఒకటే రోల్ మీద వరుసగ కొడతం. మధ్యల గుర్తు గీతలుంటయి. గుర్తుకు ఇటొక కోత, అటొక కోత. కత్తిరియ్యకపోతే ఎవని బర్త్‌డే వానికి పోదు."

డాక్టరమ్మ నన్ను మంచిగ చూసింది. "అచ్చంగా అదే," అన్నది.

"మా ముడి ముక్కలు చెత్తల పడేస్తం."

"ఇక్కడ పడేయరు. ఆ ముడి ముక్కలే తర్వాత సరుకు మోసే కూలీలు."

"అయితే బ్లేడ్ మార్చాలె. ఏడ దొరుకుద్ది మేడమ్?"

జయరాజ్ "మామా" అన్నడు, ఊకో అన్నట్టు. నేను పరాచికం ఆడలే. నిజంగనే అడిగిన.

"దొరకదు అంకుల్. అది ఒక చోట ఉండే కత్తెర కాదు. ప్రతి కణంలో ఉంటుంది. గుండెకి కొంచెం సాయం చేసే మందులు ఇస్తాం. కత్తెరకి మందు లేదు, ఇప్పటికైతే."

ఇప్పటికైతే.

తర్వాత కాగితం తిప్పి ఇంకోటి చెప్పింది. ఆ కత్తెర తయారయ్యే లెక్క తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తదంట. రెండిట్ల ఒకటి మంచిదైతే చాలు, మనిషి గట్టిగనే ఉంటడు. పాపకు రెండూ నొక్కు పడ్డవే వచ్చినయి. ఇంకో పిల్ల పుట్టినా నాలుగిట్ల ఒకటి ఇట్లనే కావొచ్చంట. "మీది దగ్గర సంబంధమా" అని అడిగింది. "మేనరికం మేడమ్," అన్నడు జయరాజ్. అందరం ఫ్యాన్ దిక్కు చూసినం.

అక్సా ఒక్కటే అడిగింది. "నవంబర్‌ల దీని మొదటి బర్త్‌డే."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "తారీఖు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండమ్మా. పాపతో ఉండండి," అన్నది.

జూన్ 13

పాలు మంచిగ తాగింది.

జూన్ 16, ఆదివారం

చర్చిల పాస్టరయ్య మైకు పట్టుకుని పాప కోసం ప్రార్థన చేసిండు. ఆ సౌండు బాక్సుకు అవతల గుట్టల ఉన్న దేవుండ్లు గూడ లేచి కూర్చుని ఉంటరు. రిబ్కా ఏడుస్తనే ఉంది. నేను కండ్లు మూసుకుని బ్లేడ్ గురించి ఆలోచించిన. అది ప్రార్థన కిందికి వస్తదో రాదో.

మధ్యాహ్నం కల్లూరు నుంచి శ్యామల వచ్చింది. చెప్పులు ఇప్పక ముందే మొదలుపెట్టింది.

"మా దిక్కు ఎవ్వరికి గుండె రోగాలు లేవు వదినా."

"మా దిక్కు ఉన్నయా?" అన్నది రిబ్కా. "మా నాయన తొంభై ఏండ్లు బతికిండు."

"తల్లి దిక్కు నుంచే వస్తదంట గదా గివన్ని. టీవీల చెప్పిన్రు."

"ఆ టీవీనే అడుగు మందు."

నేను మధ్యల కూర్చుని చెప్పిన. ఆ చిన్న డీఎన్ఏ తల్లి నుంచే వస్తదంట, అవ్, కానీ కత్తెర లెక్క ఇద్దరి దగ్గర నుంచి వస్తది. జయరాజ్‌కు నీ నుంచి వచ్చింది శ్యామలా, అక్సాకు నా నుంచి వచ్చింది. నీకు, నాకు ఏడికెళ్ళి వచ్చింది? మన అవ్వ నుంచో నాయన నుంచో. ఒకటే నొక్కు బ్లేడు, ఇద్దరికి పంచిన్రు. ఆస్తి పంచలే గానీ ఇది సమానంగ పంచిన్రు.

ఇద్దరూ కొట్లాట ఆపి నా దిక్కు తిరిగిన్రు. నేను చెప్పింది నమ్మి కాదు. ఇద్దరికీ ఒకేసారి నా మీద కోపం వచ్చింది, అందుకని. అదొక లాభం.

జూన్ 17

పాలు తాగింది. కొంచెం ఆయాసం. ఎండకు అయి ఉంటది.

జూన్ 19

నాకేం కాలే. ఇన్నేండ్లు నొక్కు బ్లేడు ఒంట్ల పెట్టుకుని గోదావరి ఈదిన, కబడ్డీ ఆడిన, మొన్నటిదాకా సైకిల్ మీద ఫ్రేములు మోసిన. చేతులు చూసుకుంట కూర్చున్న షాపుల. ఒకాయన వచ్చి "రాజన్నా, గృహప్రవేశం ఫ్లెక్స్" అన్నడు. "ఏ గృహం" అన్న. "నాదే" అన్నడు. నవ్వలే నేను. ఆయన భయపడ్డడు.

జూన్ 24

అవతల గుట్టల ఊరి దూలయ్య వెదురు బొంగులు ఏసుకొచ్చిండు. ఫ్లెక్సులకు ఫ్రేములు కట్టేది ఆయన బొంగులతోనే. పోయినేడు నేను ఆయనకు చెప్పకుండ నల్లకండ్లద్దాలు పెట్టి, చెవి కాడ సెల్లు పెట్టి, 'యువనాయకుడు దూలయ్య గారికి జన్మదిన శుభాకాంక్షలు' అని పెద్ద ఫ్లెక్స్ కొట్టి ఆటోస్టాండు కాడ కట్టిన. ఆయనకు పుట్టినరోజు ఎప్పుడో ఆయనకే తెల్వదు. కోపానికొస్తడనుకున్న. వారం దాకా ఫారెస్టు వాళ్ళు బొంగుల బండి ఆపలేదని ఇంకోటి కొట్టమన్నడు.

పాత ఫ్లెక్సులన్నీ తీసుకపోతడు. వాళ్ళ ఊర్ల కప్పుల మీద, వడ్ల మీద అవే కప్పుతరు.

"మా ఇండ్ల మీద అన్ని పార్టీలోళ్ళు ఉన్నరు రాజన్నా. వానొస్తే అందరు ఒకటే. గెలిచినోళ్ళు గూడ కారుతున్నరు."

పాపను చూస్తనంటే ఇంటికి తీసుకపోయిన. చానాసేపు చూసిండు. వేలు ఇస్తే పట్టుకుంది. "మా ఊర్ల గింజలేసి చూసే పెద్దాయనను అడిగిస్త," అన్నడు.

జూన్ 27

దూలయ్య ఫోన్.

"అడిగించినవా?"

"అవ్."

"ఏమన్నడు?"

"ఏమనలే రాజన్నా. గింజలు ఏసి చూసిండు, తీసిండు, మల్ల ఏసి చూసిండు. నాకు కనబడ్తలేదన్నడు. అబద్ధం చెప్పే మనిషి కాదు."

పాస్టరయ్య ఎన్ని మాటలు చెప్పిండో, ఆ పెద్దాయన అన్ని తక్కువ చెప్పిండు. డాక్టరమ్మ మధ్యల ఉంది. ముగ్గురిది కలిపితే ఒక్క బ్లేడు గాదు.

జూన్ 30

అక్సా షాపుకు వచ్చింది. పెండ్లయినంక షాపుకు రాలే. కుర్చీ తుడిచి ఏసిన.

"డాడీ, దీని మొదటి బర్త్‌డే ఫ్లెక్స్ కొట్టు. ఇంట్ల గోడకు కట్టుకుంట."

"నవంబర్‌ల గదా."

"నవంబర్ దాకా నేను ఆగను."

"సరే" అన్న. ఇంకేమన్న అంటే జోకైతదని భయం.

జూలై 2

ప్రింటింగు మిషన్ల ఎర్ర రంగు చిమ్మే హెడ్ మూసుకపోయింది. సర్వీసు చేసేటోడు కొత్తగూడెం నుంచి రావాలె, ఎల్లుండంట. ఆగబుద్ధి కాలే.

మొదటి బర్త్‌డే డిజైన్ చేసిన. చుట్టూ పూలు, మధ్యల పాప మొహం, కింద 'ఎమ్మెల్యే ఆరాధన'. బాగనే వచ్చింది. చెయ్యి ఆగలే. రెండో బర్త్‌డే చేసిన. మూడోది. బడిల చేరిన సందర్భంగా. పదో తరగతి పాసైన సందర్భంగా, మా ఇంట్ల మొట్టమొదటి పాస్ అని గూడ ఏసిన. నర్సు ఉద్యోగం. పెండ్లి. పెండ్లికొడుకు జాగల ఖాళీ గుండ్రం పెట్టిన, బయటి సంబంధమే చూస్తం. సర్పంచ్. ఆఖరున నిజమైన ఎమ్మెల్యే, భారీ మెజారిటీ.

పెద్దయినంక ఎట్లుంటదోనని సెల్లుల ఒక యాప్‌ల మొహం పెద్ద చేసి చూసిన. అచ్చం మా శ్యామల వచ్చింది. వెంటనే తీసేసిన. అన్నిట్ల అదే మొహం పెట్టిన, ఏడు నెలల మొహం, బోసినవ్వు. పెండ్లి ఫ్లెక్సుల గూడ బోసినవ్వే.

ఒకటే రోల్ మీద కొట్టిన. ఎరుపు లేదు గదా, మొహం కొంచెం నీలంగ పడ్డది. పేరు నలుపుల బాగనే పడ్డది, శుభాకాంక్షల అక్షరాలకు ఎరుపు పెట్టిన, అవి పసుపుగ పడి వెనకున్న పసుపుల కలిసినయి. దగ్గరికొస్తే కనబడ్తయి.

జూలై 3

మొదటిది కత్తిరించిన. ఇంట్ల కట్టమన్నది అక్సా. ఇంట్ల కడితే ఎవరు చూస్తరు. ఊరంతా చూడాలె, ఒక్కరోజైనా. ఆటోస్టాండు కాడ, భద్రాచలం బస్సులు మలిగే కాడ కట్టిన. సాయంత్రం అందరినీ తీసుకపోయి చూపిస్తనని చెప్పలే, ఊరికే "ఒక తమాషా ఉంది" అన్న. వాన పడ్డది, పోలే. రేపు తీసుకపోత.

దూరం నుంచి పేరు తప్ప శుభాకాంక్షల అక్షరాలు అస్సలు కనబడ్తలేవు. దగ్గరికొస్తే కనబడ్తయి.

జూలై 4

పొద్దున నేను షాపుకు బయల్దేరుతుంటే కింది ఇంటామె అన్నం గిన్నె పట్టుకొచ్చింది. ఇంకొకామె పప్పుచారు. మొహాలు ఏలాడేసుకుని ఏం మాట్లాడకుండ అరుగు మీద పెట్టిన్రు. నాకు అర్థం కాలే. రిబ్కా వచ్చి "ఏంది అక్కా ఇది" అన్నది. ఆమె రిబ్కా చేతులు పట్టుకుని, "పొయ్యి ముట్టియ్యరు గదమ్మా" అన్నది.

చావు ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. చుట్టుపక్కలోళ్ళు వండి తెస్తరు.

అప్పుడు ఆటో ఆగింది. శ్యామల దిగలే, పడ్డది. గేటు పట్టుకుని, "నా తల్లీ, నన్ను ఒక్కసారి చూడకుండనే పోయినవా, నా తల్లీ" అని రొమ్ము కొట్టుకుంట వస్తుంది. బస్సుల పోయే మా చుట్టం ఎవరో ఫోన్ చేసిండంట. చుట్టూ పూలు, నీలం మొహం, కింద పేరు. ఇంకేమనుకుంటరు. ఈ ఊర్ల చచ్చిపోయినోళ్ళకు గూడ నేనే కొట్టేది, అట్లనే కొట్టేది.

లోపల నుంచి అక్సా వచ్చింది. భుజం మీద పాప. పాప శ్యామలను చూసి చెయ్యి చాపింది.

శ్యామల ఏడుపు సగంల ఆగింది. నోరు అట్లనే తెరిచి ఉంది.

"బతికే ఉందా" అన్నది.

ఆ మాట ఎవరూ ఎనకకు తీసుకోలేకపోయిన్రు. అన్నం తెచ్చినామె గిన్నె మల్ల చేతులకు తీసుకుంది, మల్ల పెట్టింది.

అక్సా గట్టిగ అరవలే. "ఎవరు చెప్పిన్రు అత్తమ్మా?" అన్నది. తర్వాత నా దిక్కు చూసింది.

"ఇంట్ల కట్టమన్న డాడీ."

"అందరు చూస్తరని..."

"అందరు చూసిన్రు."

జయరాజ్ పోయి పీకేసుకొచ్చిండు. తడిసిన ఫ్లెక్స్ మడిచి నా ముందట పెట్టిండు. దగ్గరికొస్తే అక్షరాలు కనబడ్తనే ఉన్నయి. మొదటి పుట్టినరోజు శుభాకాంక్షలు.

"ఇంకా రోల్ ఉందంట గదా," అన్నది అక్సా. జయరాజ్ షాపుల చూసినట్టుంది. "దాంట్ల ఒక్క ముక్క గూడ కత్తిరియ్యకు. నేను చెప్పేదాకా."

ఆ అన్నం ఏం చెయ్యాలె? సాయంత్రం తిన్నం. పప్పుచారుల ఉప్పెక్కువైంది. ఎవరూ అనలే.

జూలై 5

అక్సా మాట్లాడుతలేదు.

జూలై 6

అక్సా మాట్లాడుతలేదు. ఎమ్మెల్యే మాట్లాడింది. 'తా' అన్నది. తాత అన్నదని నేనంటున్న. అత్త అన్నదని శ్యామల అంటుంది. దానికి తను అత్త గాదు, నాయనమ్మ, ఆ ముచ్చట తనకే యాదికి లేదు.

శ్యామల కల్లూరు పోలే. రిబ్కా, తను ఇద్దరూ కలిసి పాపకు నూనె రాస్తున్నరు. ఒకళ్ళు కాళ్ళకు, ఒకళ్ళు చేతులకు. ఎవరి దిక్కు నుంచి వచ్చిందనే మాట మల్ల రాలే.

జూలై 9

సర్వీసోడు రాలే. నేనే హెడ్ ఇప్పిన. సిరంజిల క్లీనింగ్ నీళ్ళు తీసుకుని, సన్నగ, వత్తకుండ, చుక్క చుక్క ఎక్కించిన. జోరుగ వత్తితే హెడ్ పోతది. గంట కూర్చున్న. ఎరుపు వచ్చింది. మంచి ఎరుపు. కాగితం మీద గీత గీసి చూస్తే ఏడ తెగలే.

ఎవరికన్న చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలె.

జూలై 14

పాలు పీల్చే ఓపిక లేదు. డాక్టరమ్మ ఫోన్ల చెప్పింది, సిరంజితోని బుగ్గ పక్కకు చుక్క చుక్క పొయ్యమని. జోరుగ వత్తొద్దని. అక్సా పోస్తే పాలు బయటికే కారుతుంటే, "ఇటియ్యి" అన్న. ఇచ్చింది. సన్నగ, వత్తకుండ పోసిన. మింగింది.

"నీకెట్ల వచ్చు డాడీ?" అన్నది అక్సా.

పది రోజుల తర్వాత నాతోని మాట్లాడిన మొదటి మాట.

"షాపుల నేర్చుకున్న," అన్న.

జూలై 15

పాలు తాగింది. నేనే పోసిన.

జూలై 18

తాగింది. పెదవులు కొంచెం నీలంగ ఉన్నయి. ట్యూబులైటుకు అట్ల కనబడ్తుంది కావొచ్చు. గుమ్మం కాడికి తెచ్చి చూసిన. వాకిట్ల నిలబడి చూసిన.

జూలై 22

ఆగకుండ వాన. గోదావరి పెరుగుతుంది. భద్రాచలం కాడ హెచ్చరిక ఇచ్చిన్రంట. జయరాజ్‌కు బొగ్గు గనిల నీళ్ళు నిండి పని బంద్. ఇంట్లనే ఉన్నడు, పాప ఊపిరి తీసుకుంటుంటే పొట్ట దిక్కు చూస్తుంటడు, గోడ మీద బల్లి దిక్కు చూస్తుంటడు.

"మామా, డాక్టరమ్మ చెప్పిన ఆ కత్తెర," అన్నడు. "కొంచెమన్న తెగుతుంది గదా. అస్సలు తెగకపోతే ఇన్ని నెలలు ఎట్లుంటది?"

నిజమే. కొంచెం తెగుతున్నయి. ఆ కొన్ని ముక్కల మీదనే పిల్ల నవ్వింది, 'తా' అన్నది, దూలయ్య వేలు పట్టుకుంది. నొక్కు బ్లేడుతోని ఎంత పని చేసింది. ఇంకొకటి మంచి బ్లేడు గూడ పెట్టుకుని నేనేం చేసిన? దూలయ్యకు కండ్లద్దాలు పెట్టిన.

డాక్టరమ్మకు ఫోన్ చేసిన. కొత్త మందు ఏమన్న వచ్చిందా అని. "నెలన్నరేగా అయింది అంకుల్" అన్నది. విసుక్కోలే.

జూలై 27

తాగింది. సగం బయటకొచ్చింది. సగం లోపలికి పోయింది గదా.

జూలై 30

కొంచెం.

ఆగస్టు 2

తాగలే.

ఆగస్టు 11

రిబ్కా చర్చికి పోయింది. నేను పోలే.

పాపను తీసుకపోయిన రోజు గూడ వాననే. టెంటు హౌసోన్ని అడిగితే టార్పాలిన్ పట్టాలన్నీ వరద క్యాంపులకు పోయినయన్నడు. సమాధుల తోటల గొయ్యి తీస్తుంటేనే నీళ్ళు నిండుతున్నయి. తీసేటోళ్ళు ఎత్తిపోసుడు, నిండుడు. చిన్న గొయ్యి, ఎంతసేపు పట్టాలె. పాస్టరయ్య బైబిల్ కోటు లోపల పెట్టుకుని నిలబడ్డడు. అక్సా పాపను ఇయ్యలే, వానల అట్లనే.

దూలయ్య కనబడలే. షాపు తాళం ఏడుంటదో ఆయనకు తెలుసు. కొద్దిసేపటికి రోల్ భుజాన ఏసుకుని వచ్చిండు. నన్ను అడగలే. జయరాజ్‌ను ఒక కొస పట్టుకోమన్నడు, వాళ్ళ ఊరోళ్ళు నలుగురు వచ్చిన్రు, చర్చోళ్ళు వచ్చిన్రు, అటిటు రెండు వరుసల నిలబడి చేతులు పైకెత్తి పట్టిన్రు. గేటు నుంచి గొయ్యి దాకా. తెల్ల దిక్కు మీదికి, బొమ్మల దిక్కు కిందికి.

అందరం దాని కింద నడిచినం. తలెత్తితే రెండో పుట్టినరోజు. నాలుగడుగులకు బడి. పదో తరగతి పాస్. నర్సు. పెండ్లి. నీలం మొహం, బోసినవ్వు. పైన వాన దడదడ. అక్సా తలెత్తి ఒక్కొక్కటి చూసుకుంట పోయింది. సర్పంచ్ కాడ ఆగింది. మల్ల నడిచింది. ఆఖరి దాని కింద పాపను ఇచ్చింది.

మట్టి తడవకుండనే ఏసినం.

ఆగస్టు 12

మా చుట్టం ఒకాయన షాపుకొచ్చి, "రాజూ, శ్రద్ధాంజలి ఫ్లెక్స్ ఇంకా కొట్టలేదేంది, జనం ఏమనుకుంటరు" అన్నడు. మిషన్ ఖరాబైందన్న. మిషన్ ఆయన పక్కనే తిరుగుతుంది, ఎవరిదో గృహప్రవేశం కొడుతుంది. చూసిండు. పోయిండు.

ఆగస్టు 17

అక్సా షాపుకొచ్చింది. రోల్ మూలకు నిలబెట్టి ఉంది, మట్టి ఎండిపోయి. కుర్చీల కూర్చోలే.

"డాడీ, దూలయ్య మామ వాళ్ళింట్ల కారుతుందంట గదా."

"వాళ్ళ ఊర్ల అందరి ఇండ్లు కారుతున్నయి."

"కత్తిరియ్యి."

నేను లేవలే. ఆమె మల్ల అన్నది. "ఊరికే చుట్టి పెడితే దేనికి పనికొస్తది? నువ్వే చెప్పినవు గదా డాక్టర్ దగ్గర."

కొత్త బ్లేడు ఏసిన. ఒక కొస అక్సా పట్టుకుంది, ఇంకో కొస మీద నేను కాలు పెట్టుకున్న. గుర్తుకు ముందొక కోత, వెనకొక కోత. చేతికి ఏం తెల్వదు, అలవాటు చొప్పున సాఫుగ పోయింది. రెండోది, మూడోది, బడి, అన్నీ ఏరేరుగ నేల మీద పడ్డయి. ఇంత సులువు పని.

మధ్యల గుర్తుల సన్నటి పట్టీలు మిగిలినయి. ఎప్పుడూ చెత్తబుట్టల ఏస్త. సాయంత్రం దూలయ్య వచ్చి అవి గూడ ఏరుకున్నడు. "పారెయ్యకు రాజన్నా, బొంగులు కట్టడానికి ఇవే గట్టివి," అన్నడు.

బండి మీద అన్నీ ఏసుకుని, తాడు బిగించి, చెయ్యి చూపి పోయిండు. అక్సా చూస్తుంది, నేను చూస్తున్న. బండి మూల మలిగింది.

ఆగస్టు 21

రాత్రంతా పెద్ద వాన. పొద్దున దూలయ్య ఫోన్.

"ఎట్లుంది?" అన్న.

"మా తమ్ముని ఇంటి మీద నర్సు. మా అత్తింటి మీద సర్పంచ్. నా ఇంటి మీద ఎమ్మెల్యే."

"కారుతుందా?"

"చుక్క కారలే. మా ముసలవ్వ పాప మొహం చూసుకుంట పండుకుంది." మల్ల తనే అన్నడు. "రాజన్నా, ఎలక్షన్లు అయినంక మా ఊరికి వచ్చిన ఎమ్మెల్యే ఈమె ఒక్కతే."

నవ్విన. ఆగలే. నవ్వుకుంటనే కూర్చున్న, డైరీ మీద టీ ఒలికింది. రిబ్కా వంటింట్లకెళ్ళి తొంగి చూసింది. నా మొహం దిక్కు చానాసేపు చూసింది. పరాచికాలా అని అడగలే. వచ్చి కొంగుతోని తుడిచింది, ముందు నా మొహం, తర్వాత టీ.